బోరుకు ఎక్కిళ్లు వస్తే

దేవరకొండ బస్టాండు నుంచి ఖిల్లా వైపు పోయే రోడ్డులో, విత్తనాల దుకాణానికీ సైకిల్ రిపేరు కొట్టుకూ నడుమ ఇరుకున ఒక మోటారు వైండింగ్ షాపు ఉంది. బోర్డు మీద కాటమయ్య పేరుంటుంది. కాటమయ్య పోయి పదమూడేళ్లయింది. కాలిపోయిన బోరు మోటార్లను విప్పి, లోపలి మాడిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టేది ఆయన భార్య అండాలు.

గోపీకృష్ణ హైదరాబాదు నుంచి ఊరికి వచ్చినప్పుడల్లా ఆ రోడ్డున పోడు. మార్కెట్ యార్డు వెనక నుంచి తిప్పుకొని పొమ్మని డ్రైవరుకు ముందే చెబుతాడు. అటు దారంతా గుంతలే. అరవై మందికి జీతాలిచ్చే కంపెనీ యజమాని, పేపర్లో ఫొటో పడ్డ మనిషి, తీగ చుట్టుకొని బతికే ఒక ఆడమనిషి కంట పడకుండా ఉండటానికి నడుములు విరగ్గొట్టుకుంటూ పోతాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఎందుకో తెలిస్తే ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. గోపీకృష్ణ అప్పుడే ఇంజనీరింగ్ ముగించి, ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్నాడు. అతని తండ్రి పోచయ్యకు దేవరకొండ పక్క ఊళ్లో మూడెకరాల పల్లి చేను, ఒక బోరు. ఆ ఒక్క ఏడులో బోరు మోటారు మూడుసార్లు కాలింది. మూడోసారి దాన్ని ఆటోలో వేసుకొని అండాలు షాపుకు తెచ్చింది గోపీకృష్ణే.

ఆమె మోటారు విప్పి, ఒకసారి వాసన చూసి, "డైరెక్టు కొట్టిండా మీ బాపు?" అంది.

"లేదు పెద్దమ్మా. కంపెనీ డబ్బ పెట్టినం. నీళ్లు లేకుంటె అదే బంద్ చేస్తది," అన్నాడు గోపీకృష్ణ, ఇంజనీరింగ్ చదివినవాడి గొంతుతో.

"డబ్బ ఉన్నది సరే. డబ్బకు పోయే వైరు ఉన్నదా? పోయి చూడు. పీకేసి ఉంటడు. పీకకుంటె ఏం చేస్తడు మరి?"

పోయి చూస్తే నిజమే. అప్పటి డబ్బాలకు ఒకటే తెలుసు: నీళ్లు పూర్తిగా అయిపోయాక మోటారును ఆపేయడం. తిరిగి వేయడం వాటికి తెలియదు. రైతు ఇంటి నుంచి చేను దాకా నడిచొచ్చి మళ్లీ వేయాలి. వేసిన పావుగంటకే అది మళ్లీ ఆగుతుంది. నాలుగు రోజులు అలా తిరిగాక ఎంతటి ఓపికమంతుడైనా ఆ డబ్బాను తిట్టి, వైరు పీకి, కరెంటును నేరుగా మోటారుకు కలిపేస్తాడు. డైరెక్టు కొట్టడమంటే అదే. ఆ చుట్టుపక్కల కాలిన మోటార్లలో చాలామటుకు అలా కాలినవే. పోచయ్యను అడిగితే నేల చూపులు చూశాడు.

చుట్టిన మోటారును బోరులో దింపేటప్పుడు అండాలు తానే వచ్చింది. నీళ్లు దూకుతుండగా గోపీకృష్ణ చెయ్యి పట్టి పైపు మీద పెట్టింది.

"తియ్యకు. జర ఆగు."

ఇద్దరూ అలా ఎండలో నిలబడ్డారు. కాసేపటికి పైపు చేతి కింద ఒకసారి ఉలిక్కిపడింది. నీళ్ల ధార తెగి, గాలి బుస్సుమని, మళ్లీ నీళ్లొచ్చాయి. మళ్లీ ఉలిక్కిపడింది. స్టార్టరు బోర్డు మీది మీటరు ముల్లు అటూ ఇటూ ఊగింది.

"గిదే బిడ్డా. బోరు ఒక్కపారి ఎండదు, ముందుగాల ఎక్కిళ్లు పెడ్తది. ఎక్కిళ్లు రాంగనే బంద్ చెయ్యాలె. ఎండినంక గాదు. బంద్ చేసి ఊరనియ్యాలె, ఊరినంక మల్ల ఎయ్యాలె. మీ కంపెనీ డబ్బలకు గీ ముచ్చట ఎవ్వలు చెప్పలే."

"ఎంతసేపు ఊరనియ్యాలె పెద్దమ్మా?"

"ఒక్కో బోరుది ఒక్కో తీరు. చేన్ల ఎన్ని సాళ్లు పారినంక ఎక్కిళ్లొచ్చినయో అడుగు, చెప్త."

గోపీకృష్ణ ఆ సాయంత్రమే ఒక కాగితం మీద డబ్బా బొమ్మ గీశాడు. తర్వాత రెండేళ్లు ఆమె షాపులో ఒక బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. మోటారు తెచ్చిన ప్రతి రైతునూ అండాలు అడిగే ప్రశ్నలు విన్నాడు, ఆమెతో చేన్లకు తిరిగాడు. మొదటి డబ్బాకు ఇరవై నిమిషాలు ఊరాలని పెట్టాడు. ఎందుకు ఇరవై అంటే, అంకె గుండ్రంగా ఉంది, అంతే. ఆ డబ్బా పెట్టిన మూడు చేన్లలో మూడు మోటార్లూ కాలాయి. అండాలు మూడూ చుట్టింది.

"గుండ్రం అంకె నీకు మంచిగున్నది, బోరుకు మంచిగుండొద్దా? మొదటిపారి ఎన్ని సాళ్లు పారింది, ఊరినంక ఎన్ని సాళ్లు పారింది, రెండు చూడు. రెండోపారి తక్కువ పారిందంటె ఊరింది సాలలేదన్నట్టు. ఇంకింతసేపు ఊరనియ్యి. సరిపోయెదాక గట్ల జరుపుకుంట పో. గంతె గద?"

గంతే. తర్వాత ఊట అనే పేరుతో ఊరూరికీ పోయిన ఆ డబ్బాలో ఉన్నదంతా ఆ నాలుగు ముక్కలే. గోపీకృష్ణ వాటిని కంప్యూటరుకు అర్థమయ్యేలా రాశాడు, సాళ్లను నిమిషాలు చేశాడు, చిన్న చిప్పులో ఎక్కించాడు, మోటారు ఆగినప్పుడూ లేచినప్పుడూ రైతు ఫోనుకు కబురు పోయేలా చేశాడు. అది చిన్న పనేమీ కాదు. తెలివైనవాడే, కష్టపడ్డవాడే. అతనికి తెలివి లేదని కాదు ఇక్కడి మాట.

రెండేళ్లయ్యాక హైదరాబాదులో కొత్త ఆలోచనలకు ఒక పోటీ పెట్టారు. గెలిస్తే కంపెనీ పెట్టుకోవడానికి పెట్టుబడి ఇస్తారు. గోపీకృష్ణతో చదువుకున్న సునీల్ తోడొచ్చాడు, కంపెనీలో భాగస్వామి అయ్యేదీ అతనే. ముందురోజు గోపీకృష్ణ తను చెప్పబోయేది అప్పజెప్పాడు. "మా దగ్గర అండాలు అని ఒక పెద్దమ్మ..." అని మొదలుపెట్టగానే సునీల్ చెయ్యెత్తాడు.

"మోటర్లు చుట్టే ఆమె చెప్పిందంటే ఎవడన్న నమ్ముతడారా? డేటా అని చెప్పు. గిన్ని బోర్లు చూసినం, గీ లెక్క తేలింది అను. ఆమె పేరు మనం తర్వాత చెప్పుకోవచ్చు."

తప్పు సునీల్ మీదికి నెట్టడం సులువు. గోపీకృష్ణ తనలో తాను చాలాసార్లు నెట్టి చూశాడు కూడా. కాని వేదిక ఎక్కినప్పుడు పక్కన సునీల్ లేడు. ఎదురుగా ఐదుగురు న్యాయనిర్ణేతలు, వాళ్లలో ఒకావిడ నవ్వుతూ, "ఈ విషయం మీకెలా తట్టింది?" అని అడిగింది. నోట్లో అండాలు పేరు తయారుగానే ఉంది. ఆ పేరు, ఆ చల్లటి గది, ఆవిడ ఇంగ్లీషు, అన్నీ ఒక్క క్షణం అతని కళ్ల ముందు కలిసి నిలబడ్డాయి. అతనికి ఆ పేరు పలకడానికి నామోషీ అనిపించింది. నిజం అదే. అబద్ధం ఆడినందుకు సిగ్గుపడింది తర్వాత, ముందు సిగ్గుపడింది ఆమె పేరుకు.

"రెండేళ్లు మూడు వందల పన్నెండు బోర్లను పరిశీలించాను మేడమ్. ఆ డేటాలోంచి పట్టుకున్నాను," అన్నాడు.

గెలిచాడు. ఆరు నెలలకు పేటెంటు దరఖాస్తు కాగితాలొచ్చాయి. కనిపెట్టింది ఎవరెవరో రాయమన్న చోట వకీలు వేలు పెట్టి చూపించి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. గోపీకృష్ణ తన పేరు రాసి, "లేరు," అన్నాడు. రెండోసారి ఆడిన అబద్ధం మొదటి దానికన్నా తేలిగ్గా వచ్చింది. అది గమనించి కొంచెం భయపడ్డాడు, కాని సంతకం చేశాక భయపడ్డాడు.

ఆ తర్వాత రాష్ట్రంలో చేన్లకు ఇరవై నాలుగ్గంటలూ కరెంటు వచ్చింది. కరెంటు ఎప్పుడూ ఉంటే మోటారు ఎప్పుడూ తిరుగుతుంది, బోరు తొందరగా ఎండుతుంది. ఊట డబ్బా కోసం రైతులు వెతుక్కుంటూ వచ్చారు. దేవరకొండలో మొదలై ఆలేరు దాకా, అటు కోస్గి దాకా పాకింది. గోపీకృష్ణ టీవీలో మాట్లాడాడు. ఎక్కిళ్లు అనే మాటను కూడా తనే పుట్టించినట్టు చెప్పాడు. అండాలు ఆ ముచ్చట విత్తనాల దుకాణం అతని ఫోనులో చూసిందట.

"ఏమన్నది?" అని తండ్రిని అడిగాడు గోపీకృష్ణ.

"మంచిగ మాట్లాడిండు పోరడు, అన్నది. గంతే," అన్నాడు పోచయ్య. మళ్లీ తనే, "ఆమె పేరు ఏడ చెప్పినవ్ రా? నేను సుత ఇన్న. నాకు ఇనవడలే," అన్నాడు.

గోపీకృష్ణ ఫోను మోగినట్టు నటించి బయటికి పోయాడు. గుంతల దారి మొదలైంది ఆ రోజు నుంచే. దసరాకు డ్రైవరుతో అండాలుకు మిఠాయి డబ్బా పంపించాడు. ఆమె తిట్టి తిప్పి పంపితే బాగుండునని లోపల ఎక్కడో ఉంది. ఆమె మిఠాయి తీసుకొని, అదే డబ్బా నిండా మక్క గారెలు వేసి, "బిడ్డకు ఇష్టం" అని చెప్పి పంపింది. అవి తినడానికి అతనికి మనసొప్పలేదు, పారేయడానికి చెయ్యి రాలేదు. ఆఫీసులో అందరికీ పంచేశాడు.

పోయినేడు కంపెనీ ఒక నియమం పెట్టింది. కార్డు ఉన్న మెకానిక్కులే ఊట డబ్బా విప్పాలి, మిగతావాళ్లు ముట్టుకుంటే గ్యారంటీ ఉండదు. కార్డు కావాలంటే ఒక రోజు శిక్షణకు రావాలి. నల్లగొండలో ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకున్నారు. రెండు జిల్లాల నుంచి నూట యాభై మంది మెకానిక్కులు వచ్చారు. గోపీకృష్ణ చివర్లో నాలుగు మాటలు మాట్లాడాలి. ముందే వచ్చి హాలు వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

మూడో వరుస చివర తెల్లటి జుట్టు ముడి కనపడింది. మగవాళ్ల మధ్య ఒక్కతే ఆడమనిషి. ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకొని, బడిపిల్లలా నిటారుగా కూర్చుంది అండాలు.

వేదిక మీద కంపెనీ ఇంజనీరు హరిత పాఠం చెబుతోంది. ఎంతో మంచి పిల్ల, ఏడాది కిందట చేరింది, ఆమెకేం తెలుసు? "బోరు ఎండే ముందు ఎక్కిళ్లు పెడుతుంది. ఇది మా గోపీ సార్ మూడు వందల పన్నెండు బోర్లు పరిశీలించి కనిపెట్టిన విషయం," అంది. తెర మీద అతని ఫొటో పడింది. అండాలు నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది.

కాసేపటికి ఆమె లేచి నిలబడింది.

"మేడం, ఎక్కిళ్లు నీళ్లు తగ్గితెనే రావాల్నని లేదు. పైపు జాయింటు కాడ గాలి గుంజినా వస్తయి. గప్పుడు సుత మీ డబ్బ బంద్ చేస్తది. బోరుల నీళ్లుండంగనే చేను ఎండుతది. దానికేం చెయ్యాలె?"

హరిత చేతిలోని కాగితాలు తిరగేసింది. వాటిలో ఆ ప్రశ్న లేదు. "ఆ సమస్య రాదమ్మా. డబ్బా అన్నీ తనే నేర్చుకుంటుంది. డౌట్లు చివర్లో చూద్దాం."

"కూసో అవ్వా, మోటరు చుట్టుడు కాదిది, సాఫ్ట్‌వేరు," అన్నాడు వెనక నుంచి ఎవడో. హాలంతా నవ్వింది. అండాలు కొంగు సర్దుకొని కూర్చుంది. వెనక గోడకు ఆనుకున్న మనిషి మాత్రం ఆ ప్రశ్న విన్నాడు. నీళ్లుండగానే డబ్బా ఆపేస్తోందని ఆలేరు వైపు నుంచి రెండేళ్లుగా వస్తున్న ఫిర్యాదులకు కారణం అతనికి అప్పుడు తెలిసింది. కంపెనీలో ఇంతమంది ఇంజనీర్లకు దొరకని సంగతి అది.

భోజనాలయ్యాక కార్డులిచ్చే బల్ల దగ్గర వరుస కట్టారు. అండాలు వంతు రాగానే, "ఐటీఐ సర్టిఫికెట్ తెచ్చినవా అమ్మా? అది లేనోళ్లకు కార్డు రాదు," అన్నాడు బల్ల దగ్గరి కుర్రవాడు. ఆ నియమం కింద ఉన్న సంతకం గోపీకృష్ణది. చదవకుండా పెట్టిన సంతకం.

"నలభై ఏండ్ల సంది మోటర్లు చుడ్తున్న బిడ్డా," అంది ఆమె.

"అది వేరే అమ్మా. జర పక్కకు జరుగు."

ఆమె జరిగింది. చెప్పులు వెతుక్కోవడానికి తలుపు వైపు నడిచింది. అప్పుడు గోపీకృష్ణ వేదిక మీదికి దాదాపు పరుగెత్తాడు, మైకు లాక్కున్నాడు.

"అందరు జర ఆగున్రి. ఎక్కిళ్ల ముచ్చట నేను కనిపెట్టలే. పొద్దున మీరు నవ్విన్రు గదా, ఆ అండాలు పెద్దమ్మ చెప్పింది. నా చెయ్యి పట్టి పైపు మీద పెట్టి నేర్పింది. మూడు వందల పన్నెండు బోర్లు అబద్ధం. ఆమె లేకుంటె ఊట లేదు."

ఇక తిడతారు, ఉమ్మేస్తారు అనుకున్నాడు. ఆ క్షణంలో అతనికి అదే కావాలి. కాని ముందు వరుసలో ఒకాయన లేచి చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ లేచారు. "ఎంత పెద్ద మనసు సారుది!" అన్నారు. "గింత పెద్దోడై గురువును మరువలే!" అన్నారు. ఈలలు వేశారు. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. హరిత కళ్లు తుడుచుకుంది. సునీల్ వచ్చి భుజం తట్టి, "మస్తు చెప్పినవ్ రా, ప్లాన్ చేసినా గిట్ల రాదు," అన్నాడు. గోపీకృష్ణ తలుపు వైపు చూశాడు. అండాలు లేదు.

తెల్లారేసరికి వీడియో ఊళ్లు దాటిపోయింది. గురువుకు వందనం చేసిన యువ పారిశ్రామికవేత్త అని కింద రాశారు. డబ్బా కావాలని అంతకుముందు ఏ రోజూ రానన్ని ఫోన్లు వచ్చాయి. గోపీకృష్ణ వీడియో తెరిచి చూసుకున్నాడు. అండాలు పెద్దమ్మ అన్న మాట దగ్గర కెమెరా అతని ముఖం మీదే ఉంది. ఆమె ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నం అతని కారు మార్కెట్ యార్డు వెనక్కి పోలేదు. బస్టాండు నుంచి నేరుగా వచ్చి షాపు ముందు ఆగింది. అండాలు ఒక మోటారు ముందు వేసుకొని తీగ చుడుతోంది. తల ఎత్తి చూసి, పక్కకున్న స్టూలు చూపించింది. అతను కూర్చోలేదు.

"నిన్న ఎల్లిపోయినవ్ పెద్దమ్మా. నేను చెప్పేటప్పుడు ఉన్నవా?"

"బయట ఉన్న. ఇన్న."

"అందరికి తెలిసింది ఇగ."

"ఏం తెలిసింది? నువ్వు మంచోనివని తెలిసింది. సప్పట్లు సుత నీకే వచ్చినయ్ బిడ్డా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్న మాట చెప్పింది. గోపీకృష్ణకు చెంప పగిలినట్టయింది. కార్డు ఆ రోజే చేయించి తెచ్చాడు, జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె తీగ లాగుతూనే దాని వైపు ఒకసారి చూసింది.

"ఇంకొకటున్నది," అన్నాడు. "అది నిన్న అందరి ముందల చెప్పలే. కనిపెట్టింది ఎవ్వలో సర్కారుకు రాసిచ్చే కాయితం ఒకటి ఉంటది పెద్దమ్మా. ఎప్పటికి ఉండేది అదే. అండ్ల నీ పేరు రాయలే. ఇంకెవ్వలన్న ఉన్నరా అని వకీలు అడిగిండు. లేరన్న. ఇప్పుడు దిద్దియ్యాలంటె, తెలిసే తప్పు రాసిన్నని నేను సంతకం పెట్టాలె. సునీల్ వద్దంటుండు. నేను పెడ్త."

అండాలు చేతులు ఆగాయి. ఈ సంగతి ఆమెకు తెలియదు. టీవీ మాటలు, పేపరు మాటలు గాలికి పోయేవని ఆమె అనుకొని ఉండొచ్చు. బయట సైకిల్ కొట్టులో ఎవరో గాలి కొడుతున్న చప్పుడు.

"జాగ లేకుండెనా బిడ్డా, ఆ కాయితం మీద?" అని అడిగింది చివరికి.

ఆమె నిజంగానే అడిగింది. అవునంటే నమ్మేలాగే ఉంది ఆమె ముఖం. గోపీకృష్ణకు ఆ మాట నోటి దాకా వచ్చింది.

"ఉండె పెద్దమ్మా," అన్నాడు. "ఇంక నాలుగు పేర్లు పట్టేంత జాగ ఉండె."

అండాలు తల ఊపింది. చుట్లు ఎన్నయ్యాయో లెక్క తప్పినట్టుంది. చుట్టిందంతా విప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.